గణిత ల్యాబ్‌కు నోట్‌బుక్: ఎక్కడ నడపాలి, ఏది ఎంచుకోవాలి

గణితం బోధించే వారు కంప్యూటర్ ల్యాబ్‌లో నోట్‌బుక్ (సెల్ అనే చిన్న పెట్టెల్లో లెక్క రాసి, జవాబును దాని కిందే చూసే సాఫ్ట్‌వేర్) ఏర్పాటు చేయాలనుకున్నప్పుడు చాలాసార్లు మొదట వచ్చే ప్రశ్న "సేజ్ మేలా, మాక్సిమా మేలా, పైథాన్‌తో సరిపోతుందా?" అన్నది. సేజ్, మాక్సిమా గణిత సాఫ్ట్‌వేర్లు, పైథాన్ ప్రోగ్రామింగ్ భాష. ప్రశ్న సరైనదే గానీ అది రెండో వరుసలో రావలసినది. అంతకు ముందే తేల్చుకోవలసినవి రెండున్నాయి: లెక్క ఏ యంత్రం మీద జరుగుతుంది, విద్యార్థి చేసిన పని ఏ యంత్రంలో మిగిలి ఉంటుంది. ఈ రెండింటికీ జవాబు దొరికాక సాఫ్ట్‌వేర్ ఎంపిక చాలావరకు దానంతట అదే తేలుతుంది. వాటిని పక్కన పెట్టి సాఫ్ట్‌వేర్ గుణగణాలతో మొదలుపెట్టిన ఏర్పాట్లు మాత్రం తరచుగా మొదటి వారంలోనే ఇబ్బంది పెడతాయి.

ఇలా విడదీసి ఆలోచించడానికి నోట్‌బుక్ నిర్మాణమే వీలు కల్పిస్తుంది. తెర మీద కనిపించే పేజీ ఒకటి, దాని వెనుక లెక్క చేసే కెర్నెల్ మరొకటి. విద్యార్థి సెల్‌లో రాసి షిఫ్ట్, ఎంటర్ కలిపి నొక్కగానే ఆ పంక్తులు కెర్నెల్‌కు వెళతాయి, జవాబు తిరిగి వచ్చి సెల్ కింద చేరుతుంది. 1988లో వచ్చిన మ్యాథమెటికా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లోనే ఈ విభజన ఉంది. 2011లో ఐపైథాన్ నోట్‌బుక్ ఇదే పద్ధతిని బ్రౌజర్‌లోకి తెచ్చింది, 2014లో ఆ ప్రయత్నమే జూపిటర్‌గా విస్తరించింది. కెర్నెల్ విద్యార్థి ముందున్న కంప్యూటర్‌లోనే ఉండవచ్చు, ల్యాబ్ మూలనున్న ఒక సర్వర్‌లో ఉండవచ్చు, బ్రౌజర్ లోపలే ఉండవచ్చు, లేదా ఇంటర్నెట్‌కు అవతల ఎక్కడో ఉండవచ్చు. ఇక్కడ పోల్చబోయేది ఈ నాలుగు దారులనే.

## ఏ కొలతలతో తూచాలి

అన్నిటికన్నా ముందు ల్యాబ్ కంప్యూటర్ల స్వభావం తెలుసుకోవాలి. తరగతి గది కంప్యూటర్ సొంత కంప్యూటర్ లాంటిది కాదు. విద్యార్థి ఖాతాకు ఇన్‌స్టాల్ చేసే అనుమతి ఉండదు. చాలా చోట్ల ప్రతిసారీ రీస్టార్ట్ కాగానే డిస్కును పాత స్థితికి తీసుకుపోయే ఏర్పాటు ఉంటుంది. ఈ రెండో విషయం అడగకుండా మొదలుపెట్టి, ఒక గంటంతా విద్యార్థులు చేసిన పని మరుసటి రోజుకు ఆనవాలు లేకుండా పోవడం నేను స్వయంగా చూశాను. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, ఫైళ్లు ఎక్కడ భద్రమవుతున్నాయో ముందుగా కనుక్కోని నాది.

రెండోది నెట్‌వర్క్. ఇంటర్నెట్ ఉందా లేదా అన్నంతమాత్రాన సరిపోదు. జూపిటర్ పేజీ కెర్నెల్‌తో మాట్లాడేది వెబ్‌సాకెట్ అనే నిరంతర అనుసంధానం ద్వారా. నెట్‌వర్క్ రాకపోకలను వడపోసే కొన్ని ప్రాక్సీలు, ఫైర్‌వాల్‌లు మామూలు వెబ్ పేజీలను వదిలి దీన్ని మాత్రం ఆపేస్తాయి. అప్పుడు నోట్‌బుక్ చక్కగా తెరుచుకుంటుంది, సెల్ మాత్రం ఎంతకీ జవాబు ఇవ్వదు.

మూడోది బోధించబోయే గణితం. అవకలనం, సమాకలనం, సమీకరణాల సాధన, మాత్రికలు, గ్రాఫులు అయితే ఈ దారులన్నింటిలోనూ పని జరుగుతుంది. సమూహ సిద్ధాంతం, సంఖ్యా సిద్ధాంతం, పరిమిత క్షేత్రాల మీద బహుపదులు కావాలంటే ఎంపికలు ఒక్కసారిగా తగ్గిపోతాయి.

నాలుగోది, నా దృష్టిలో అతి ముఖ్యమైనది: ఏదైనా చెడినప్పుడు సరిచేసేది ఎవరు? లినక్స్ సర్వర్ చూసుకోగల మనిషి ఒకరున్న చోట అద్భుతంగా నడిచే ఏర్పాటు, ఆ మనిషి లేని చోట మొదటి సమస్యకే మూలన పడుతుంది. మెమరీ, డిస్కు పరిమాణం వంటివి దీని తర్వాతే.

## మొదటి దారి: ప్రతి కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేయడం

ఈ దారిలో అతి తేలికైనది డబ్ల్యుఎక్స్‌మాక్సిమా. 1968లో ఎంఐటీలో పని మొదలైన మాక్సైమా అనే వ్యవస్థకు మాక్సిమా వారసురాలు. డబ్ల్యుఎక్స్‌మాక్సిమా దానికి సెల్‌లతో కూడిన ముఖం. బ్రౌజర్ అక్కర్లేదు, సర్వర్ అక్కర్లేదు, ఇన్‌స్టాల్ అయ్యాక నెట్‌వర్క్ కూడా అక్కర్లేదు. విండోస్‌లో ఒకే ఇన్‌స్టాలర్‌తో కెర్నెల్, ముఖం రెండూ వచ్చేస్తాయి. సమాకలనం, సమీకరణ సాధన వంటివి మెనూల్లోనే ఉంటాయి కనుక ఆదేశాల వ్యాకరణం తెలియని విద్యార్థి కూడా మొదటి పది నిమిషాల్లోనే ఒక జవాబు చూస్తాడు.

గణిత తరగతికి మాక్సిమా ఇచ్చే ఇంకో మేలు చాలామంది గుర్తించరు. అక్కడ 1/3 అని రాస్తే 1/3 గానే నిలుస్తుంది, 2^3 అని రాస్తే 8 వస్తుంది. పైథాన్ కెర్నెల్‌లో 1/3 వెంటనే 0.3333గా మారిపోతుంది, సింపై అనే గణిత లైబ్రరీ దాన్ని చూసేసరికే అది దశాంశం. 2^3 రాస్తే 1 వస్తుంది, ఎందుకంటే పైథాన్‌లో ఆ గుర్తు ఘాతానికి కాదు, బిట్ల మీద చేసే ఒక తార్కిక క్రియకు. ఘాతానికి రెండు నక్షత్రాలు పెట్టాలి. ప్రోగ్రామింగ్ తరగతిలో ఇది చిన్న సంగతి. గణిత తరగతిలో మాత్రం తప్పు సందేశం ఏదీ లేకుండా తప్పు జవాబు రావడం ప్రమాదకరం, ఎందుకంటే విద్యార్థి అనుమానించేది యంత్రాన్ని కాదు, తన లెక్కనే.

అయితే మాక్సిమాకూ ఒక అలవాటు ఉంది. ఎక్స్ ఘాతం ఎన్‌ను సమాకలనం చేయమంటే అది నేరుగా జవాబు చెప్పదు. ఎన్ విలువ మైనస్ 1కి సమానమా అని మధ్యలో ఎదురు ప్రశ్న వేస్తుంది. విద్యార్థులు దాన్ని తప్పు సందేశమనుకొని కిటికీ మూసేస్తారు. సింపై అదే లెక్కకు ప్రశ్న అడగకుండా రెండు సందర్భాలనూ విడివిడిగా రాసి చూపిస్తుంది. నాకైతే మాక్సిమా ప్రశ్నే బోధనకు మంచి అవకాశం అనిపిస్తుంది గానీ, దాని గురించి ముందే చెప్పకపోతే మాత్రం తరగతి కొంతసేపు ఆగిపోతుంది.

రెండో రకం జూపిటర్, పైథాన్, సింపై, సంఖ్యల లెక్కలకు నంపై, గ్రాఫులకు మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లను ప్రతి యంత్రంలో పెట్టడం. దీనికి మినీఫోర్జ్ అనే ఇన్‌స్టాలర్ అనుకూలమైన ఆధారం. అది కోండా-ఫోర్జ్ భాండాగారం నుంచి ప్యాకేజీలు తెస్తుంది కాబట్టి అనకొండా సంస్థ పెద్ద సంస్థలకు పెట్టిన లైసెన్సు షరతుల గురించి ఆలోచించే పని తప్పుతుంది. ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. ఇన్‌స్టాలర్ మామూలుగా దాన్ని నడిపిన వ్యక్తి సొంత ఫోల్డర్‌లో కూర్చుంటుంది. అడ్మిన్ ఖాతాలో పరీక్షిస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, విద్యార్థి ఖాతాలోకి వెళితే అసలు కనిపించదు. అందువల్ల అందరూ చదవగల, ఎవరూ రాయలేని, పేరులో ఖాళీలు లేని ఒక ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టి, ప్రారంభించే గుర్తును అందరి డెస్క్‌టాప్ మీదా ఉంచాలి. ఒక యంత్రంలో సరిగా అమర్చి, దాని డిస్కు ప్రతిని మిగిలిన వాటిలోకి ఎక్కించడం తప్ప నలభై యంత్రాల మీద విడివిడిగా ఈ పని చేయడం ఎవరికీ సలహా ఇవ్వను. విడివిడిగా చేస్తే ఏ రెండు యంత్రాల్లోనూ ఒకే వెర్షన్లు ఉండవు, తేడాలు సరిగ్గా పాఠం మధ్యలో బయటపడతాయి.

మూడోది సేజ్. మాక్సిమా, గ్యాప్, పారి, సింగ్యులర్, ఆర్ వంటి విడివిడి గణిత సాఫ్ట్‌వేర్లన్నింటినీ పైథాన్ అనే ఒక్క భాష కిందికి తెచ్చిన పెద్ద సంకలనం ఇది. 2005లో మొదటి విడుదల వచ్చింది. పైథాన్ మీద నడిచినా, రాసిన పంక్తిని ముందుగా గణిత రీతికి మార్చుకుంటుంది కనుక 1/3 భిన్నంగానే ఉంటుంది, 2^3 విలువ 8 అవుతుంది. పాత ట్యుటోరియల్ చదివి దాని సొంత నోట్‌బుక్ కోసం వెతికేవారు ఇప్పటికీ ఉన్నారు. 2020 జనవరిలో వచ్చిన 9.0తో సేజ్ పైథాన్ 3కు మారినప్పుడే ఆ పాత నోట్‌బుక్ కాలం తీరిపోయింది. ఇప్పుడు సేజ్ నోట్‌బుక్ అంటే జూపిటరే. పాత వర్క్‌షీట్లు ఉంటే వాటిని జూపిటర్ రూపంలోకి మార్చుకోవాలి.

లినక్స్ కంప్యూటర్లలో సేజ్‌ను కోండా-ఫోర్జ్ నుంచి పెట్టడం కష్టమేమీ కాదు, అది కొన్ని గిగాబైట్ల చోటు తీసుకుంటుందన్న సంగతి తప్ప. విండోస్ ల్యాబ్‌లో మాత్రం పరిస్థితి వేరు. విండోస్ కోసం విడిగా వచ్చే ఇన్‌స్టాలర్ 9.3తో ఆగిపోయింది, ఆ తర్వాత విండోస్ లోపల లినక్స్‌ను నడిపే డబ్ల్యుఎస్ఎల్ ద్వారా పెట్టుకోవలసిందే. డబ్ల్యుఎస్ఎల్ రెండో రూపానికి యంత్రంలో వర్చువలైజేషన్ (ఒక వ్యవస్థ లోపల మరో వ్యవస్థను నడపనిచ్చే సదుపాయం) ఆన్ చేసి ఉండాలి. అంతకన్నా పెద్ద చిక్కు, అందులోని లినక్స్ ఒక్కొక్క విండోస్ ఖాతాకు విడివిడిగా నమోదవుతుంది. సొంత ల్యాప్‌టాప్‌లో ఇది తెలియనే తెలియదు. ఒకే యంత్రాన్ని రోజుకు ఐదారుగురు తమ తమ ఖాతాలతో వాడే ల్యాబ్‌లో మాత్రం ఒక్కొక్కరికీ గిగాబైట్ల కొద్దీ విడి ప్రతి కావలసి వస్తుంది. ల్యాబ్ అంతటికీ ఒకే ఉమ్మడి ఖాతా ఉంటే తప్ప, విండోస్ యంత్రాల్లో సేజ్‌ను ఇలా పెట్టే ఆలోచన మానుకోవడమే మంచిది.

లైసెన్సు ఇప్పటికే ఉన్న సంస్థలకు మ్యాథమెటికా, మేపుల్, మాట్లాబ్ లైవ్ ఎడిటర్ కూడా ఇదే దారిలోకి వస్తాయి. వాటి నాణ్యత మీద వాదన లేదు. విద్యార్థి ఇంటికి వెళ్లాక అదే పనిని కొనసాగించడానికి లైసెన్సు అనుమతిస్తుందా అన్నదొక్కటే చూసుకోవాలి.

## రెండో దారి: ల్యాబ్‌లోనే ఒక సర్వర్

సరిచేసే మనిషి ఒకరుంటే నేను మొదట సూచించేది ఇదే. జూపిటర్‌హబ్ అనే సాఫ్ట్‌వేర్ ఒక సర్వర్‌లో నడుస్తూ, లాగిన్ అయిన ప్రతి విద్యార్థికీ విడి నోట్‌బుక్ స్థలాన్ని, విడి కెర్నెల్‌ను ఇస్తుంది. విద్యార్థి కంప్యూటర్‌లో బ్రౌజర్ తప్ప ఏమీ అవసరం లేదు. రీస్టార్ట్‌తో డిస్కు తుడిచిపెట్టుకుపోయినా నష్టం లేదు, ఎందుకంటే ఫైళ్లు సర్వర్‌లో ఉంటాయి. ఈ రోజు మూడో వరుసలో కూర్చున్నవారు రేపు మొదటి వరుసలో కూర్చున్నా తమ పని తమకు దొరుకుతుంది. విండోస్, సేజ్ మధ్య గొడవ కూడా ఇక్కడ లేనే లేదు: సర్వర్ లినక్స్ కనుక సేజ్‌ను ఒక్కసారి విడి ఎన్విరాన్‌మెంట్‌లో (ప్యాకేజీల విడి అమరికలో) పెట్టి కెర్నెల్‌గా నమోదు చేస్తే, పైథాన్ కెర్నెల్ పక్కనే అందరికీ కనిపిస్తుంది.

వంద మంది లోపు వాడుకదారులకు, ఒకే యంత్రం మీద నడపడానికి ఉద్దేశించిన చిన్న రూపం "ద లిటిలెస్ట్ జూపిటర్‌హబ్". ఉబుంటు ఉన్న ఖాళీ యంత్రం మీద ఒక్క ఆదేశంతో ఇన్‌స్టాల్ అవుతుంది. ఖాళీ యంత్రం అన్నది గమనించాలి. ఇంకేదో పనికి వాడుతున్న సర్వర్ మీదో, సొంత ల్యాప్‌టాప్ మీదో దీన్ని ఎక్కించకూడదు, ఎందుకంటే అది వ్యవస్థలోనే వాడుకదారులను సృష్టిస్తుంది, అమరికలను మారుస్తుంది. అనేక సర్వర్లను కలిపి నడిపే కుబర్నెటిస్ మీద నడిచే పెద్ద రూపం కూడా ఉంది గానీ, ఒక్క ల్యాబ్ కోసం దాని జోలికి వెళ్లనవసరం లేదు.

ఎంత మెమరీ కావాలన్న దానికి లిటిలెస్ట్ జూపిటర్‌హబ్ వారే తేలికైన లెక్క ఇచ్చారు: ఒకేసారి వాడే వారి సంఖ్యను ఒక్కొక్కరికి ఇచ్చే గరిష్ఠ మెమరీతో గుణించి, దానికి 128 మెగాబైట్లు కలపాలి. నలభై మందికి తలా 512 మెగాబైట్లు ఇస్తే 20,608 మెగాబైట్లు, అంటే 20 గిగాబైట్ల కన్నా కొంచెం ఎక్కువ. సింపైతో చేసే మామూలు పాఠాలకు అంత మెమరీ చాలు. సేజ్ కెర్నెల్ బరువైనది కనుక తలా ఒక గిగాబైట్ అనుకుంటే నలభై గిగాబైట్లు దాటుతుంది, అప్పుడు పాత కార్యాలయ కంప్యూటర్‌ను సర్వర్‌గా వాడుకుందామన్న ఆలోచన పనికిరాదు. ఒక్కొక్కరికి పరిమితి పెట్టడం మాత్రం ఏ పరిస్థితిలోనూ మరవకూడదు. పరిమితి లేని చోట ఒక విద్యార్థి పొరపాటున రాసిన అతి పెద్ద మాత్రిక తరగతి మొత్తాన్నీ ఆపేయగలదు; పరిమితి ఉంటే ఆ విద్యార్థి కెర్నెల్ ఒక్కటే పడిపోతుంది.

మొదటి రోజుకు సంబంధించి రెండు విషయాలు. ఈ చిన్న రూపంలో మామూలు అమరిక ప్రకారం, పేరు నమోదైన వ్యక్తి మొదటిసారి లాగిన్ అయినప్పుడు కొట్టిన పాస్‌వర్డే ఆపై అతని పాస్‌వర్డ్ అవుతుంది. సౌకర్యమే, కానీ తోటి విద్యార్థి పేరుతో ముందే లోపలికి వెళ్లే అల్లరికి కూడా అది వీలిస్తుంది. కనుక మొదటి లాగిన్ అందరూ ఒకేసారి ఉపాధ్యాయుని సమక్షంలో చేయాలి. అదీగాక, భద్రమైన అనుసంధానాన్ని విడిగా అమర్చేదాకా పాస్‌వర్డ్ గుప్తీకరణ లేకుండానే ప్రయాణిస్తుంది కాబట్టి మరెక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టమని చెప్పాలి. రెండో విషయం, పది నిమిషాలు కదలిక లేని స్థలాలను హబ్ తనంతట తానే ఆపేస్తుంది. ఉపాధ్యాయుడు బోర్డు దగ్గర పావుగంట నిరూపణ చెప్పి, "ఇప్పుడు ముందటి సెల్‌లోని ఫలితాన్ని వాడండి" అన్నప్పుడు, ఆ చలరాశి నిర్వచించబడలేదన్న సందేశం రావడానికి ఇదే కారణం కావచ్చు. ఫైలు ఎక్కడికీ పోదు, కెర్నెల్ జ్ఞాపకమే పోతుంది. ఈ గడువును తరగతి నిడివికి మించి పెంచుకోవచ్చు.

ఈ దారిలోని అసలు బలహీనత అందరికీ కనిపించేదే. సర్వర్ ఆగితే తరగతి మొత్తం ఆగుతుంది. దానికి మందు రెండో సర్వర్ కాదు, రెండో దారి: ప్రతి యంత్రంలోనూ మాక్సిమానో, కింద చెప్పబోయే జూపిటర్‌లైట్‌నో సిద్ధంగా ఉంచుకోవడం.

## మూడో దారి: బ్రౌజర్ లోపలే కెర్నెల్

జూపిటర్‌లైట్‌లో పైథాన్, బ్రౌజర్ నేరుగా నడపగల వెబ్‌అసెంబ్లీ రూపంలో బ్రౌజర్ లోపలే నడుస్తుంది. దీనికి ఆధారం పయోడైడ్ అనే ప్రాజెక్టు. ఇన్‌స్టాల్ లేదు, లాగిన్ లేదు, లెక్క చేసే సర్వర్ లేదు. సింపై, నంపై, మ్యాట్‌ప్లాట్‌లిబ్ పనిచేస్తాయి. అడ్మిన్ అనుమతి దొరకని చోట, వారానికి ఒక గంట మాత్రమే ల్యాబ్ దొరికే చోట ఇది నిజంగా ఉపయోగపడుతుంది.

కానీ రెండు అపోహలు తొలగించాలి. ఇది స్థిరమైన ఫైళ్ల సముదాయమే అయినా, ఫోల్డర్‌లో నుంచి నేరుగా రెండుసార్లు నొక్కి తెరిస్తే పనిచేయదు. ల్యాబ్‌లోని ఏదో ఒక యంత్రం వాటిని వెబ్ పేజీలుగా అందించాలి. ఇంటర్నెట్ లేకుండా కూడా దానంతట అదే నడుస్తుందన్నది రెండో అపోహ. మామూలుగా తయారుచేసిన సైటు పయోడైడ్‌ను బయటి సర్వర్ నుంచి తెచ్చుకుంటుంది. ఇంటర్నెట్ లేని ల్యాబ్ కోసమైతే సైటును తయారుచేసేటప్పుడే పయోడైడ్‌ను, దానితో పాటు కావలసిన ప్యాకేజీలను లోపల చేర్చాలి.

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసింది ఫైళ్ల విషయంలో. విద్యార్థి పని ఆ బ్రౌజర్ సొంత నిల్వలో ఉంటుంది. వేరే యంత్రం మీద కూర్చుంటే దొరకదు, వేరే బ్రౌజర్ తెరిచినా దొరకదు, రీస్టార్ట్‌కు తుడిచేసే యంత్రంలో అసలు మిగలదు. గంట ముగిసే ముందు ఐదు నిమిషాలు నోట్‌బుక్‌ను డౌన్‌లోడ్ చేసుకొని పెన్‌డ్రైవ్‌లోనో, ఉమ్మడి ఫోల్డర్‌లోనో పెట్టుకోవడానికి కేటాయించాలి. ఈ క్రమశిక్షణ పాటించగలిగితేనే ఈ దారి. సేజ్ కావాలంటే ఇక్కడ ఆశ పెట్టుకోకూడదు.

## నాలుగో దారి: ఇంటర్నెట్‌కు అవతలి సేవలు

సేజ్‌ను ఒకసారి చూపించడానికి సేజ్‌మ్యాథ్‌సెల్ చాలు. ఖాతా అవసరం లేదు, పేజీ తెరిచి ఒక సెల్‌లో రాసి నడపడమే. పని భద్రపరచే వీలు లేదు కనుక దాన్ని నోట్‌బుక్‌గా కాక, పాఠం మధ్యలో వాడే బోర్డుగా చూడాలి. సొంత వెబ్ పేజీలో పొదిగి ప్రశ్న పక్కనే సెల్ ఉంచవచ్చు. నాకు బాగా నచ్చిన సదుపాయం అది.

కోకాల్క్ పూర్తి స్థాయి సేవ. 2013లో సేజ్‌మ్యాథ్‌క్లౌడ్‌గా మొదలై 2017లో ఈ పేరు పొందింది. సేజ్, జూపిటర్ రెండూ సిద్ధంగా ఉంటాయి. అభ్యాసాలను పంచడం, తిరిగి సేకరించడం, మార్కులు వేయడం కూడా అందులోనే జరుగుతుంది. ఉచిత స్థాయిలో వేగం, సదుపాయాలు పరిమితం కాబట్టి తరగతి మొత్తానికి నమ్ముకునే ముందు అదే స్థాయిలో ఒక గంట వాడి చూడాలి. గూగుల్ కోలాబ్‌లో పైథాన్, సింపై సిద్ధంగా దొరుకుతాయి గానీ, ప్రతి విద్యార్థికీ గూగుల్ ఖాతా కావాలి, చిన్న వయసు వారికి ఖాతా షరతులు అడ్డు రావచ్చు, ఉచితంగా ఇచ్చే వనరులకు హామీ ఉండదు. ఈ సేవలు అన్నింటికీ ఇంటర్నెట్ ఎంత ముఖ్యమో, వెబ్‌సాకెట్‌లను వదిలే ఫైర్‌వాల్ అంత ముఖ్యం.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| కొలత | మాక్సిమా, ప్రతి యంత్రంలో | జూపిటర్, ప్రతి యంత్రంలో | ల్యాబ్ సర్వర్ | జూపిటర్‌లైట్ | బయటి సేవ |
|---|---|---|---|---|---|
| విద్యార్థి యంత్రంలో ఇన్‌స్టాల్ | కావాలి, చిన్నది | కావాలి, పెద్దది | అక్కర్లేదు | అక్కర్లేదు | అక్కర్లేదు |
| నెట్‌వర్క్ | వద్దు | వద్దు | ల్యాబ్ లోపల చాలు | ల్యాబ్ లోపల చాలు, సిద్ధం చేసుకుంటే | ఇంటర్నెట్ తప్పదు |
| ఫైళ్లు ఉండేది | ఆ యంత్రంలో | ఆ యంత్రంలో | సర్వర్‌లో | బ్రౌజర్ నిల్వలో | సేవ దగ్గర |
| సేజ్ | లేదు | విండోస్‌లో కష్టం | తేలిక | లేదు | కోకాల్క్‌లో ఉంది |
| నిర్వహణ భారం | చాలా తక్కువ | యంత్రాల సంఖ్యను బట్టి | ఒక్కచోటే, కానీ నైపుణ్యం కావాలి | మొదట ఒక్కసారి | మీ మీద లేదు |
| చెడితే నష్టం | ఒక యంత్రం | ఒక యంత్రం | తరగతి మొత్తం | ఒక బ్రౌజర్ | తరగతి మొత్తం |

## ఎవరికి ఏది

గణితం మాత్రమే తెలిసి, కంప్యూటర్ల నిర్వహణలో సాయం దొరకని ఉపాధ్యాయుడికి నా సూటి సలహా డబ్ల్యుఎక్స్‌మాక్సిమా. జూపిటర్ అంత ఆధునికంగా కనిపించదు, ఇతరత్రా పనికొచ్చే భాష కూడా నేర్పదు. అయినా రెండేళ్ల తర్వాత కూడా ఎవరి సాయం లేకుండా నడుస్తూ ఉంటుంది, తరగతికి అది తక్కువ గుణమేమీ కాదు.

విద్యార్థులు తర్వాతి తరగతుల్లో గణాంకాలకో, డేటా విశ్లేషణకో పైథాన్ వాడబోతున్నట్లయితే ఇప్పుడే జూపిటర్‌లో సింపైతో మొదలుపెట్టడం సమంజసం. అప్పుడు భిన్నాలను, ఘాతాలను ఎలా రాయాలన్నది మొదటి పాఠంలోనే చేర్చాలి; అది ఎవరికి వారు కనుక్కునేలా వదిలేయవలసిన విషయం కాదు. లాటిన్ లిపి కాని భాషలో బోధించేవారు మరో సంగతి తెలుసుకోవాలి: నోట్‌బుక్‌లోని పాఠ్య సెల్‌లలో తెలుగు చక్కగా కనిపిస్తుంది గానీ, మ్యాట్‌ప్లాట్‌లిబ్ గీసిన గ్రాఫుల మీది పేర్లు దాని సొంత ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేనందున ఖాళీ పెట్టెలుగా వస్తాయి. వివరణను గ్రాఫు మీద కాక, కింది పాఠ్య సెల్‌లో రాయించడం తేలిక.

అమూర్త బీజగణితం, సంఖ్యా సిద్ధాంతం బోధించే వారికి సేజ్ తప్పదు, విండోస్ ల్యాబ్‌లో సేజ్ కావాలంటే సర్వర్ లేదా కోకాల్క్. వీటి మధ్య నిర్ణయం ఇంటర్నెట్ నమ్మకాన్ని బట్టి, సర్వర్ చూసుకునే మనిషిని బట్టి చేయాలి. విద్యార్థులు ఇంటి నుంచి కూడా పని కొనసాగించాలంటే కోకాల్క్ వైపు మొగ్గుతాను. పరీక్ష పెట్టాలంటే మాత్రం, బయటి ఇంటర్నెట్‌ను ఆపేసినా నడిచే ల్యాబ్ సర్వర్ వైపు.

ప్రోగ్రామింగ్ మీద ఆసక్తి ఉన్న ఉపాధ్యాయులు జూలియా అనే ప్రోగ్రామింగ్ భాషలోని ప్లూటో నోట్‌బుక్‌ను ఒకసారి చూడాలి. జూపిటర్‌లో సెల్‌లను వరుస తప్పి నడిపితే తెర మీద ఉన్నదానికీ కెర్నెల్ జ్ఞాపకంలో ఉన్నదానికీ పొంతన పోతుంది. తుడిచేసిన సెల్‌లోని చలరాశి కూడా బతికే ఉంటుంది. ప్లూటోలో ఒక సెల్ మారితే దాని మీద ఆధారపడినవన్నీ తిరిగి లెక్కించబడతాయి కనుక ఈ గందరగోళం ఉండదు. అయితే ప్యాకేజీలు మొదటిసారి సిద్ధం కావడానికి చాలాసేపు పడుతుంది, తుడిచిపెట్టే యంత్రాల్లో ఆ మొదటిసారి ప్రతిరోజూ వస్తుంది. జూపిటర్‌లోనే ఉండేవారు, అప్పగించే ముందు కెర్నెల్‌ను పునఃప్రారంభించి మొదటి సెల్ నుంచి అన్నింటినీ నడిపి చూడాలన్న నియమాన్ని తరగతికి పెట్టాలి.

## తరగతికి ముందు రోజు

ఏ దారి ఎంచుకున్నా, విద్యార్థి ఖాతాతోనే లాగిన్ అయి మూడు వేర్వేరు యంత్రాల మీద ఒకే పరీక్ష చేయాలి: 1/3 రాయండి, 2^3 రాయండి, ఒక సమాకలనం చేయించండి, ఒక గ్రాఫు గీయించండి, భద్రపరచి, యంత్రాన్ని రీస్టార్ట్ చేసి, అదే ఫైలును తిరిగి తెరవండి. సర్వర్ అయితే ఒక్కరు పరీక్షిస్తే సరిపోదు. వీలైనన్ని యంత్రాల నుంచి ఒకేసారి లాగిన్ కావాలి, ఎందుకంటే భారం ఎక్కువగా పడేది గంట మొదట్లో అందరి కెర్నెల్‌లూ కలిసి లేచే సమయంలోనే.

ఎక్కడ ఆగిపోయిందో చూస్తే కారణం చాలావరకు తెలుస్తుంది. పేజీయే తెరుచుకోకపోతే చిరునామా, పోర్టు, ఫైర్‌వాల్ చూడాలి. విడిగా నడిపే జూపిటర్ మామూలుగా 8888 పోర్టు మీద, మామూలు జూపిటర్‌హబ్ 8000 మీద ఉంటాయి. పేజీ తెరుచుకొని సెల్ పక్కన [*] గుర్తు ఎంతకీ పోకపోతే, ముందు కెర్నెల్‌ను పునఃప్రారంభించి చూసి, అప్పటికీ పోకపోతే వెబ్‌సాకెట్‌ను ఎవరు ఆపుతున్నారో నెట్‌వర్క్ చూసేవారిని అడగాలి. కెర్నెల్ ఆగిపోయిందన్న సందేశం పదేపదే వస్తే అది దాదాపు ఎప్పుడూ మెమరీ పరిమితే. ఒక్క ఖాతాలో పనిచేసి మరో ఖాతాలో పనిచేయకపోతే ఇన్‌స్టాల్ జరిగిన ఫోల్డర్ ఎవరిదో చూడాలి.